పారి/జీపీ రివ్యూ: 8,75,39,319 జాతకం తీయిస్తే ఏం చెబుతుంది, ఎక్కడ తడబడుతుంది

పెద్ద సంఖ్య ఒకటి కొడితే చాలు, దాని గుణగణాలు ఏకరువు పెట్టే వెబ్‌సైట్లకు, యాప్‌లకు కొదవ లేదు. చిక్కల్లా ఏమిటంటే, వాటిలో అన్ని గుణాలూ ఒకే వరసలో, ఒకే బరువుతో కనిపిస్తాయి. ఏది సంఖ్య స్వభావంలోనే ఉంది, ఏది మనం పది అంకెలతో రాసుకోవడం వల్ల వచ్చింది, ఏది రుజువైంది, ఏది ఇంకా ఊహగానే ఉంది అన్న తేడా అక్కడ తెలియదు. పారి/జీపీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ ఆ పని చేయదు. అది బిరుదులు పంచదు, అడిగినదానికి మాత్రం జవాబిస్తుంది. సంఖ్యా సిద్ధాంతం కొంచెమైనా తెలిసినవాళ్లకు ఇంతకన్నా మంచి ఉచిత పనిముట్టు దొరకదు. ఏం అడగాలో తెలియనివాళ్లకు మాత్రం ఖాళీ నల్లతెర ఎదురవుతుంది.

ఫ్రాన్స్‌లోని బోర్డో విశ్వవిద్యాలయంలో హెన్రీ కోహెన్ బృందం మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. ఇప్పుడు కరీమ్ బెలాబాస్, బిల్ ఆలొంబేర్ లాంటివాళ్లు నడిపిస్తున్నారు. జీపీఎల్ లైసెన్సు కాబట్టి పైసా ఖర్చు లేదు, ప్రకటనలు లేవు, లాగిన్ అడగదు. పారి అనేది లోపలి లైబ్రరీ, జీపీ అనేది మనం టైపు చేసే కాలిక్యులేటర్. విండోస్‌కు ఇన్‌స్టాలర్ ఉంది. ఉబుంటులో ప్యాకేజీ పేరు పారి-జీపీ, మ్యాక్‌లో హోమ్‌బ్రూ ద్వారా వస్తుంది. ఆండ్రాయిడ్‌కు పారీడ్రాయిడ్ అనే యాప్ ఉన్నా, ఫోన్ కీబోర్డు మీద బ్రాకెట్లు కొట్టడం విసుగు. ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా రుచి చూడాలంటే వాళ్ల సైట్లోనే బ్రౌజర్‌లో నడిచే జీపీ ఉంది. చిన్న పనులకు అది చాలు.

కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగు ఉచ్చారణలో ఇస్తున్నాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి. మాడ్, వెక్‌రెవ్ లాంటి కొన్ని మాత్రం పెద్ద అక్షరంతో మొదలవుతాయి. అక్షరం సైజు మారితే జీపీ దాన్ని వేరే పేరుగా చూస్తుంది.

పరీక్షకు తీసుకున్న సంఖ్య 8,75,39,319. దీనికి చరిత్ర ఉంది. రెండు ధన ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయగల అతి చిన్న సంఖ్య 1729 అని రామానుజన్ వల్ల లోకానికంతా తెలుసు. మూడు రకాలుగా రాయగల అతి చిన్న సంఖ్య ఇదే. 1957లో జాన్ లీచ్ కనిపెట్టారు. చేత్తో సరిచూడగలిగేంత చిన్నది, గుణాలు చెప్పుకోవడానికి సరిపడేంత పెద్దది. అందుకే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడానికి ఇది బాగా పనికొస్తుంది.

మొదట కొట్టాల్సింది ఫ్యాక్టర్. జవాబు రెండు నిలువు వరసల పట్టికగా వస్తుంది: ఎడమ పక్క ప్రధాన సంఖ్యలు, కుడి పక్క వాటి ఘాతాలు. ఇక్కడ వచ్చేది 3^3 × 7 × 31 × 67 × 223. కంటికి కనిపించేంత ఆలస్యం కూడా ఉండదు. దాదాపు మిగతా లెక్కలన్నీ ఈ పట్టికలోంచే పుడతాయి కాబట్టి, కారణాంకాలు దొరికితే సగం పని అయినట్టే, దొరక్కపోతే పని ఆగినట్టే.

భాజకాల సంఖ్య నమ్‌డివ్‌తో 64 వస్తుంది. ఘాతాలకు ఒక్కోటి కలిపి గుణిస్తే (3+1)×2×2×2×2, అదే 64. ఈ 64 ఎక్కువా తక్కువా అన్న సందేహానికి కూడా రామానుజనే దిక్కు. ఆయన 1915లో అధ్యయనం చేసిన హైలీ కాంపొజిట్ సంఖ్యల (తమకన్నా చిన్న ఏ సంఖ్యకన్నా ఎక్కువ భాజకాలున్నవాటి) వరసలో 7,35,13,440 ఉంది. దానికి 768 భాజకాలు. ఆ వరసలో తర్వాతిది 11,02,70,160 కాబట్టి, మన సంఖ్య వరకు 768ని దాటినది ఏదీ లేదు. ఆ లెక్కన 64 సాదాసీదాయే.

భాజకాల మొత్తం సిగ్మాతో 15,59,75,680. అందులోంచి సంఖ్యను తీసేస్తే సొంత భాజకాల మొత్తం 6,84,36,361. సంఖ్యకన్నా తక్కువ కాబట్టి ఇది డెఫిషియంట్. భాజకాల మొత్తాన్ని 64తో భాగిస్తే సరిగ్గా 24,37,120 వస్తుంది. సగటు పూర్ణసంఖ్య అయినవాటిని అరిత్‌మెటిక్ సంఖ్యలంటారు, ఇదీ ఆ కోవలోదే. సిగ్మా, సంఖ్య సాపేక్ష ప్రధానాలైతే డఫినియన్ అంటారు. రెండింటికీ గసాభా 7 కాబట్టి ఇది కాదు. ఆయిలర్‌ఫై (సంఖ్యకన్నా చిన్నవై, దానితో సాపేక్ష ప్రధానాలైనవి ఎన్నో చెప్పే లెక్క) 4,74,72,480. మోబియస్ (ఏదైనా ప్రధాన సంఖ్య వర్గంతో భాగింపబడితే 0 ఇచ్చే ఫంక్షన్) 0, ఎందుకంటే 9తో భాగింపబడుతుంది. వేర్వేరు ప్రధాన కారణాంకాలు 5 (ఒమేగా), ఘాతాలతో కలిపి లెక్కిస్తే 7 (బిగ్‌ఒమేగా).

జీపీలో నేరుగా కమాండ్ లేనివి కూడా ఒక్క లైనులో అయిపోతాయి. వేర్వేరు ప్రధానాల లబ్ధం, అంటే రాడికల్ కావాలంటే, ఫ్యాక్టర్ ఇచ్చిన పట్టికలో మొదటి నిలువు వరసను తీసి ఫ్యాక్టర్‌బ్యాక్‌కి ఇవ్వాలి. 97,26,591 వస్తుంది. సంఖ్యను తిరగరాయాలంటే డిజిట్స్, వెక్‌రెవ్, ఫ్రమ్‌డిజిట్స్ ఒకదానిలో ఒకటి పెట్టాలి. 9,13,93,578 వస్తుంది.

ఇక్కడ ఒక సరదా లెక్క కూడా ఉంది. 1ని ఈ సంఖ్యతో భాగిస్తే దశాంశాలు ఎన్ని అంకెల తర్వాత మళ్లీ మొదటికొస్తాయి? మాడ్‌తో 10ని ఈ సంఖ్యతో భాగించిన శేషాల లెక్కలో పెట్టి జడ్‌ఎన్‌ఆర్డర్ అడిగితే 12,210 అంటుంది. చేత్తోనూ సరిచూడొచ్చు: 27కు ఆవర్తనం 3, 7కు 6, 31కు 15, 67కు 33, 223కు 222. వీటి కసాగు 12,210. ఆయిలర్‌ఫై దాదాపు నాలుగు కోట్ల డెబ్భై ఐదు లక్షలు ఉంటే ఆవర్తనం పన్నెండు వేల చిల్లరకు పడిపోవడానికి కారణం, 18, 6, 30, 66, 222 అన్నీ 6 గుణిజాలు కావడమే. వాటి కసాగు 36,630 మాత్రమే.

ఇక ఈ సంఖ్యకు పేరు తెచ్చిన గుణం దగ్గరికి వద్దాం. రెండు ఘనాల మొత్తంగా ఇన్ని రకాలుగా రాయగల అతి చిన్న సంఖ్యను ట్యాక్సీక్యాబ్ సంఖ్య అంటారు. ఆ మాట జీపీ తనంతట తాను చెప్పదు. అడగాల్సింది మనమే. ఘనం చేసే రెండింటిలో చిన్న సంఖ్య 352ను దాటదు (352 ఘనం 4,36,14,208, అది సంఖ్యలో సగంకన్నా కాస్త తక్కువ). కాబట్టి 1 నుంచి 352 దాకా ఫర్ లూప్ పెట్టి, ప్రతిసారి ఆ ఘనాన్ని సంఖ్యలోంచి తీసేసి, మిగిలింది ఘనమో కాదో ఇజ్‌పవర్‌తో, రెండో స్థానంలో 3 పెట్టి అడగాలి. తెరమీద మూడే సంఖ్యలు వస్తాయి: 167, 228, 255. అంటే:

167^3 + 436^3
228^3 + 423^3
255^3 + 414^3

మూడూ 8,75,39,319. జంటల్ని కూడితే 603, 651, 669 వస్తాయి. 603 = 9 × 67. 651 = 3 × 7 × 31. 669 = 3 × 223. ప్రధాన కారణాంకాలన్నీ ఇక్కడే బయటపడ్డాయి! రెండు ఘనాల మొత్తాన్ని (మొదటిది + రెండోది) × (మొదటిదాని వర్గం − లబ్ధం + రెండోదాని వర్గం) అని విడగొట్టవచ్చన్న స్కూలు సూత్రమే దీనికి కారణం. కారణాంకాలు ఒక్కో జంటలో ఒక్కో విధంగా అటూ ఇటూ సర్దుకుంటాయి. మొదటి జంటలో 67 మొత్తం వైపు పడింది, రెండోదాంట్లో 7, 31, మూడోదాంట్లో 223.

ఆ సూత్రంలోని రెండో కారణాంకానికి ఒక పట్టింపు ఉంది. జంటలో రెండు సంఖ్యలూ సాపేక్ష ప్రధానాలైతే, 3తో భాగిస్తే శేషం 2 వచ్చే ప్రధాన సంఖ్య అందులో చేరలేదు. మన సంఖ్యలో 3ని పక్కన పెడితే 7, 31, 67, 223 నాలుగింటికీ శేషం 1. సర్దుకోవడానికి ఇన్ని అనువైన ప్రధానాలు ఉండబట్టే మూడు జంటలు కుదిరాయి. ఈ సంఖ్య గురించి ఒక్క విషయమే చెప్పాలంటే చెప్పాల్సింది ఇది. బిరుదుల జాబితాల్లో వెతికితే కనపడదు.

ఇంకో మెట్టు దిగండి. సంఖ్యను 27తో భాగిస్తే 32,42,197. దాని మీద అదే లూప్ నడిపితే రెండు జంటలే వస్తాయి: 76, 141 ఒకటి, 85, 138 ఒకటి. 228, 423, 255, 414 అన్నీ 3 గుణిజాలు కాబట్టి ఆ రెండు జంటలూ భాగహారాన్ని తట్టుకున్నాయి. 167, 436 జంట తట్టుకోలేదు. ఆ జంట కూడా కుదరడం కోసమే సంఖ్యకు 3^3 అవసరమైంది.

ఘనాల విషయంలో ఇంత ఉదారంగా ఉన్న ఈ సంఖ్య వర్గాల దగ్గర మహా పిసినారి. 3, 7, 31, 67, 223 అయిదింటినీ 4తో భాగిస్తే శేషం 3, ఘాతాలన్నీ బేసి. అందుకని రెండు వర్గాల మొత్తంగా రాయడం కుదరదు. చివరి మూడంకెలు 319ని 8తో భాగిస్తే శేషం 7. లెజాండ్ర్ సిద్ధాంతం ప్రకారం మూడు వర్గాలతోనూ కుదరదు. నాలుగు కావాల్సిందే: 9355^2 + 151^2 + 18^2 + 13^2. నాలుగు వర్గాల్లో ఎన్ని రకాలుగా రాయవచ్చో జాకోబీ సూత్రం చెబుతుంది. బేసి సంఖ్యకు అది భాజకాల మొత్తానికి ఎనిమిది రెట్లు. వరసలు, గుర్తులు వేర్వేరుగా లెక్కిస్తే ఇక్కడ 1,24,78,05,440. ఇది సిగ్మాతో ఒక్క గుణకారం. ఆ నాలుగు వర్గాలను నేరుగా చూడాలంటే మాత్రం జీపీకన్నా ఆల్పర్ట్రాన్ వెబ్ కాలిక్యులేటర్ సులువు. దాని సంగతి కింద ఉంది.

పదింటి లెక్క మీద ఆధారపడే గుణాల్ని త్వరగా చూసేద్దాం, అవి అంతకన్నా ఎక్కువ విలువైనవి కావు. అంకెల మొత్తం (సమ్‌డిజిట్స్) 45. దానితో సంఖ్య భాగింపబడదు, కాబట్టి హర్షద్ కాదు. ప్రధాన కారణాంకాల అంకెల మొత్తం 40, 45కు సమానం కాదు, కాబట్టి స్మిత్ కాదు. అంకెల వర్గాలు కూడుతూ పోతే 319, 91, 82, 68, 100, 1 వస్తాయి. కాబట్టి హ్యాపీ నంబర్. ఇదే సంఖ్యను ఎనిమిదింటి లెక్కలో రాస్తే ఇవన్నీ తారుమారు కావచ్చు. సంఖ్య మాత్రం అదే. బైనరీలో రాస్తే 27 అంకెలు, వాటిలో 1లు 19 (హ్యామింగ్‌వెయిట్). 19 బేసి కాబట్టి ఆడియస్ అని, ప్రధానం కాబట్టి పర్నీషియస్ అని రెండు పేర్లు. ప్రోగ్రామర్లకు తప్ప ఇంకెవరికీ వీటితో పని పడదు.

ఊహకూ రుజువుకూ తేడా ఎక్కడ వస్తుందో కూడా ఈ సంఖ్యే చూపిస్తుంది. భుజాలన్నీ అకరణీయ సంఖ్యలుగా ఉన్న లంబకోణ త్రిభుజానికి ఇది వైశాల్యం కాగలదా? కాగలిగితే కాంగ్రుయెంట్ సంఖ్య అంటారు. వర్గ భాగం తీసేస్తే మిగిలేది (కోర్ కమాండ్) 97,26,591. దాన్ని 8తో భాగిస్తే శేషం 7. శేషం 5, 6, 7 వచ్చే వర్గరహిత సంఖ్యలన్నీ కాంగ్రుయెంట్ అవ్వాలి, అయితే ఇంకా రుజువు కాని బర్చ్–స్విన్నర్టన్-డయ్యర్ ఊహ నిజమైతేనే. ఏ సైటైనా శేషం మాత్రమే చూసి, షరతు చెప్పకుండా, "కాంగ్రుయెంట్" అని ముద్ర వేస్తే ఆ సైటు మిగతా ముద్రల్ని కూడా అనుమానించాల్సిందే. నిజంగా తేల్చాలంటే అనుబంధ ఎలిప్టిక్ వక్రం (ఒక రకం మూడో డిగ్రీ సమీకరణం ఇచ్చే వక్రరేఖ) మీద అకరణీయ బిందువు పట్టుకోవాలి. జీపీలో ఆ వక్రాల సామగ్రి కూడా ఉంది.

ప్రధాన సంఖ్యల దగ్గర జీపీ నిజాయితీ బాగా కనిపిస్తుంది. రెండు వేర్వేరు కమాండ్లున్నాయి. ఇజ్‌సూడోప్రైమ్ బీపీఎస్‌డబ్ల్యూ అనే పరీక్ష చేస్తుంది. చాలా వేగం. 2^64 లోపు దీన్ని మోసం చేసే సంయుక్త సంఖ్య లేదని తేలింది, ఆ పైన ఇప్పటిదాకా ఒక్కటీ దొరకలేదు. ఇజ్‌ప్రైమ్ మాత్రం 2^64 దాటిన సంఖ్యకు నిజమైన రుజువు కట్టి జవాబిస్తుంది, వెయ్యి అంకెల దగ్గరికి వచ్చేసరికి చాలాసేపు తీసుకుంటుంది. చాలామంది గమనించని మెలిక ఒకటుంది: ఫ్యాక్టర్ ఇచ్చే పెద్ద కారణాంకాలు మామూలుగా ఇజ్‌సూడోప్రైమ్ స్థాయివే. రుజువుతో కావాలంటే ముందుగా డిఫాల్ట్ కమాండ్‌లో ఫ్యాక్టర్_ప్రూవెన్‌ను 1 చేయాలి. ఇంటి లెక్కలకు అక్కర్లేదు. ఎక్కడైనా ప్రచురించే పనైతే తప్పనిసరి.

మీ దగ్గరున్న ఇంకే యాప్ నాణ్యతనైనా పట్టడానికి రెండు సంఖ్యలు చాలు. మొదటిది 3215031751. ఇది 151 × 751 × 28351. ప్రధానమో కాదో చూసే మిల్లర్–రాబిన్ పరీక్షను 2, 3, 5, 7 ఆధారాలతో మాత్రమే చేసే యాప్ దీన్ని ప్రధాన సంఖ్య అంటుంది. రెండోది 9007199254740993, అంటే 2^53 + 1. బేసి సంఖ్య, అంకెల మొత్తం 78, కాబట్టి 3తో భాగింపబడాలి. యాప్ దీన్ని సరి సంఖ్య అంటే, లేదా 2^53 అని చూపిస్తే, లోపల దశాంశ లెక్కతో పని చేస్తున్నట్టు. అలాంటిదాన్ని వెంటనే తీసేయండి. జీపీ రెండింటికీ సరైన జవాబే ఇస్తుంది.

ఇక తడబాట్లు. వీటిలో ఎక్కువ భాగం సాఫ్ట్‌వేర్ తప్పులు కావు, అలవాట్ల మీద దెబ్బ కొట్టేవి. అయినా కొత్తవాళ్ల సమయమంతా ఇక్కడే పోతుంది.

అన్నిటికన్నా ప్రమాదకరం కామా. జీపీకి కామా అంటే తర్వాతి విలువ మొదలైందని అర్థం. సిగ్మాలో 1,729 అని కామాతో కొడితే, 1 భాజకాల 729వ ఘాతాల మొత్తం అడిగామనుకుని 1 అని చెబుతుంది. ఎర్ర గీత రాదు, హెచ్చరిక రాదు. మన పద్ధతిలో 8,75,39,319 అని కొడితే మాత్రం విలువలు ఎక్కువయ్యాయని గోల పెడుతుంది, అది కొంత నయం. ఒక్క కామా ఉన్న సంఖ్యలతోనే అసలు ముప్పు. కాపీ చేసి అతికించే ముందు కామాలన్నీ తీసేయండి.

రెండోది ఎక్సెల్. అది 15 అంకెల దాకానే గుర్తుంచుకుంటుంది. 16 అంకెల సంఖ్యను గడిలో సంఖ్యగా పెడితే చివరి అంకె సున్నా అయిపోతుంది. అక్కణ్ణుంచి జీపీలోకి తెచ్చుకుంటే మీరు విశ్లేషించేది వేరే సంఖ్యను. గడిని ముందుగా టెక్స్ట్‌గా మార్చి ఆ తర్వాతే అతికించాలి. ఆధార్, క్రెడిట్ కార్డు నంబర్లు ఎక్సెల్‌లో పెట్టుకున్నవాళ్లకు ఈ బాధ తెలిసే ఉంటుంది (ఆధార్ 12 అంకెలే కాబట్టి బతికిపోతుంది, కార్డు బతకదు).

మూడోది, 10^18ని శాస్త్రీయ పద్ధతిలో 'ఇ' అక్షరంతో రాయడం. అలా రాస్తే జీపీ దాన్ని దశాంశ సంఖ్యగా తీసుకుంటుంది, పూర్ణసంఖ్యలకు ఉద్దేశించిన ఇజ్‌ప్రైమ్ లాంటి ఫంక్షన్లు దాన్ని ఒప్పుకోవు. 10^18 అని ఘాతం గుర్తుతోనే రాయాలి. దీనికి దగ్గరి చుట్టం వర్గమూలం. మామూలు వర్గమూలం కమాండ్ 38 అంకెల కచ్చితత్వంతో వస్తుంది. అంతకన్నా చాలా పెద్ద సంఖ్యల మీద దాన్ని వాడి పూర్ణ భాగం తీస్తే చివరి అంకెలు తప్పుతాయి. ఎస్‌క్యూఆర్‌టీఇంట్, ఎస్‌క్యూఆర్‌టీఎన్‌ఇంట్ వాడండి, అవి పూర్ణసంఖ్యల మీదే పని చేస్తాయి. మన సంఖ్యకు ఘనమూలం పూర్ణ భాగం 444 వస్తుంది.

నాలుగోది మెమరీ. మొదలవగానే తెరమీద పారిసైజ్ 8000000 అని కనిపిస్తే, అది ఎనిమిది మిలియన్ బైట్లు, ఈ రోజుల్లో చాలా తక్కువ. లక్షల అంకెల ఫ్యాక్టోరియల్, పొడవైన జాబితాలు అడిగినప్పుడు స్టాక్ పొంగిపోయిందని ఆగిపోవచ్చు. పారిసైజ్‌మ్యాక్స్‌ను డిఫాల్ట్ కమాండ్‌తో ఒక గిగాబైటుకు పెంచి మళ్లీ నడిపితే సరి. లైను చివర సెమికోలన్ పెట్టడం కూడా మరిచిపోకండి, లేకపోతే లక్ష అంకెలూ తెర నిండా జారిపోతాయి. ఎంతసేపు పట్టిందో తెలియాలంటే రెండు హ్యాష్ గుర్తులు కొడితే గత లెక్క సమయం చెబుతుంది. సాయం కావాలంటే కమాండ్ పేరు ముందు ప్రశ్నార్థకం పెట్టాలి. సాయం పేజీలు కచ్చితంగానే ఉంటాయి గానీ, రాసింది గణితజ్ఞులు, గణితజ్ఞుల కోసం. తొలిసారి చూసేవాళ్లకు కొరుకుడు పడవు.

వేగం సంగతి. 2^67 − 1ని 1903లో ఫ్రాంక్ నెల్సన్ కోల్ 193707721 × 761838257287గా విడగొట్టి చూపారు. జీపీ ఎంటర్ నొక్కగానే చెబుతుంది. 39 అంకెల 2^128 + 1ని 1970లో మోరిసన్, బ్రిల్‌హార్ట్ ఛేదించారు, జీపీకి అదీ ఓ లెక్క కాదు. 78 అంకెల 2^256 + 1 కూడా అందుతుంది, ఎందుకంటే దాని చిన్న కారణాంకం 1238926361552897కు 16 అంకెలే, ఎలిప్టిక్ వక్రాల పద్ధతి దాన్ని తొందరగా పట్టేస్తుంది. కష్టాన్ని నిర్ణయించేది సంఖ్య పొడవు ఒక్కటే కాదు, రెండో అతి పెద్ద ప్రధాన కారణాంకం పొడవు కూడా. 200 అంకెలున్నా అన్నీ చిన్న కారణాంకాలైతే క్షణాల పని. 90 అంకెల సంఖ్య రెండు 45 అంకెల ప్రధానాల లబ్ధమైతే జీపీ ముందు కూర్చోకుండా వేరే పని చూసుకోవడం మేలు.

పోటీదారులు మూడు. డారియో ఆల్పెర్న్ రాసిన ఆల్పర్ట్రాన్ కాలిక్యులేటర్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. సంఖ్య కొడితే కారణాంకాలు, భాజకాల సంఖ్య, మొత్తం, ఆయిలర్, మోబియస్, వర్గాల మొత్తం అడక్కుండానే ఒకే పేజీలో వస్తాయి. లెక్క మన కంప్యూటర్ మీదే జరుగుతుంది కాబట్టి ఫోన్లో పెద్ద సంఖ్య ఇస్తే బ్యాటరీ హరించుకుపోతుంది. విద్యార్థికి మొదట చూపాల్సింది ఇదే, జీపీ కాదు. లినక్స్‌లో ముందే ఉండే ఫ్యాక్టర్ కమాండ్ చిన్న సంఖ్యలకు భేషుగ్గా ఉంటుంది. లోపల చిన్న కారణాంకాల్ని వెతికే పొలార్డ్ రో పద్ధతి కాబట్టి రెండు పెద్ద ప్రధానాలు తగిలితే చతికిలపడుతుంది. మూడోది కాలిక్యులేటరే కాదు, నీల్ స్లోన్ మొదలుపెట్టిన పూర్ణసంఖ్యా శ్రేణుల విజ్ఞానకోశం, ఓఈఐఎస్. 87539319 అని వెతికితే ఎ011541 శ్రేణి ఎదురవుతుంది: 2, 1729, 87539319, 6963472309248 అలా సాగే ట్యాక్సీక్యాబ్ సంఖ్యలు. జీపీ ఎంత లెక్కగట్టినా ఈ సంఖ్యకు ఎందుకు పేరొచ్చిందో చెప్పలేదు. ఓఈఐఎస్ ఎంత చెప్పినా మీ చేతిలోని అనామక 40 అంకెల సంఖ్యను విడగొట్టలేదు. చాలా శ్రేణుల పేజీల్లో పారి కోడ్ కూడా ఇస్తారు, తెచ్చి జీపీలో అతికిస్తే నడుస్తుంది. నేర్చుకోవడానికి సాయం పేజీలకన్నా అదే దగ్గరి దారి.

జీపీ చేతులెత్తేసే చోట, అతి పెద్ద సంఖ్యల్ని విడగొట్టే కాడో-ఎన్‌ఎఫ్‌ఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. 250 అంకెల సవాలు సంఖ్య ఆర్‌ఎస్‌ఏ-250ని 2020 ఫిబ్రవరిలో దాంతోనే ఛేదించారు. దానికి దాదాపు 2700 కోర్-సంవత్సరాల (ఒక ప్రాసెసర్ కోర్ అన్నేళ్లు పని చేసినంత) కంప్యూటింగ్ పట్టింది. ఇంట్లో ల్యాప్‌టాప్ మీద 100 అంకెల చుట్టుపక్కల సంఖ్యతో కుస్తీ పట్టాలంటే ముందు జీపీలో చిన్న కారణాంకాలన్నీ తీసేసి, మిగిలిన ముక్క ప్రధానమో కాదో ఇజ్‌సూడోప్రైమ్‌తో అడిగి, కాదంటేనే కాడోకి ఇవ్వండి.